స్కూల్లో ప్రైడ్ వారం, రెండో క్లాసు పాప, ఇంట్లో రెండు అభిప్రాయాలు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ. పాప రెండో క్లాసు, అమెరికాలో పబ్లిక్ స్కూలు, అంటే సర్కారు బడి. జూన్ మొదటి వారం ప్రైడ్ వీక్ (గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ వాళ్ళని గౌరవిస్తూ చేసే వేడుక) అని టీచర్ దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. సోమవారం అందరూ రంగురంగుల బట్టలు వేసుకురావాలి, మంగళవారం ఇద్దరు అమ్మలున్న ఒక కుటుంబం కథ చదివి వినిపిస్తారు. మీ తెలుగు వాట్సాప్ గ్రూపులో ఏదో పిటిషన్ తిరుగుతోంది. మీకేమో ఆ వారమంతా పాపని ఇంట్లోనే ఉంచేయాలని ఉంది. మీ ఆవిడేమో, పాప ఫ్రెండుకే ఇద్దరు అమ్మలు కదా, మొన్న ఆ పాప బర్త్‌డేకి వెళ్ళి కేకు తినొచ్చాం కదా, ఇప్పుడు ఈ గొడవేంటి అంటున్నారు. తల్లిదండ్రులుగా మా హక్కేంటి, ఎంతవరకు అడగొచ్చు అని అడిగారు.

నేను లాయర్ని కాదు. అమెరికా వచ్చి 19 ఏళ్ళు. అందులో 11 ఏళ్ళు ఒక ఎలిమెంటరీ స్కూల్లో పారా ఎడ్యుకేటర్‌గా చేశాను, అంటే క్లాసులో టీచర్ పక్కన ఉండే అసిస్టెంట్‌ని. మన ఇండియన్ పేరెంట్లకీ స్కూలు ఆఫీసుకీ మధ్య మాట చేరవేసే పని కూడా చాలాకాలం నామీదే పడింది. అందుకని ఈ గొడవని రెండు వైపుల నుంచీ, తలుపుకి లోపలా బయటా నిలబడి చూశాను. ఏ స్టేటో మీరు రాయలేదు. జూన్‌లో కూడా స్కూలు నడుస్తోందంటే టెక్సస్ అయ్యుండదు, అక్కడ మే ఆఖరుకే తాళాలు వేసేస్తారు. న్యూజెర్సీయో మేరీల్యాండో అనుకుని రాస్తున్నాను.

ముందు ఒక మాట. మీ ప్రశ్నలో మూడు విషయాలు కలగలిసిపోయాయి. రంగుల బట్టల రోజు ఒకటి, క్లాసులో కథ చదవడం ఒకటి, పాప పక్కన కూర్చునే ఇద్దరు అమ్మల పిల్ల ఒకటి. ఈ మూడింటికీ జవాబు ఒకటే అనుకోబట్టే ఇళ్ళల్లో గొడవలవుతున్నాయి. మధ్యదానితో మొదలుపెడతా, ఎందుకంటే చట్టం స్పష్టంగా మాట్లాడింది దాని గురించే.

వాషింగ్టన్ పక్కనే మేరీల్యాండ్‌లో మాంట్‌గోమరీ కౌంటీ ఉంది. జర్మన్‌టౌన్, క్లార్క్స్‌బర్గ్ వైపు మనవాళ్ళు బాగానే ఉన్నారు. పెద్ద స్కూల్ డిస్ట్రిక్ట్, లక్షా అరవై వేల దాకా పిల్లలు. 2022లో అక్కడి స్కూల్ బోర్డు చిన్న క్లాసుల ఇంగ్లిష్ పాఠాల్లో ఎల్‌జీబీటీక్యూ పాత్రలున్న కొన్ని బొమ్మల కథల పుస్తకాలు చేర్చింది. ఒకదాంట్లో ప్రైడ్ ఊరేగింపులో కుక్కపిల్ల తప్పిపోతుంది, అక్షరమాల వరసలో దాన్ని వెతుకుతూ పోవడమే కథ. ఇంకోదాంట్లో ఒక చిన్నపిల్లకి దిగులు: తనకి ఎంతో ఇష్టమైన అంకుల్ తన స్నేహితుణ్ణి పెళ్ళి చేసుకుంటున్నాడు, ఇక తనతో ఆడుకునే తీరిక ఉండదేమోనని. (ఆ అంకుల్ బాబాయో మావయ్యో ఇంగ్లిష్‌లో తేలదు. మన భాషలో అయితే కథ మొదటి వాక్యంలోనే తేల్చాలి.)

మొదట్లో, ఈ కథలు మా పిల్లలకి వద్దు అని చెప్పినవాళ్ళ పిల్లల్ని ఆ సమయానికి బయటికి పంపేవారు. దీన్నే ఆప్ట్-అవుట్ అంటారు. 2023 మార్చిలో బోర్డు ఉన్నట్టుండి మాట మార్చింది. వచ్చే ఏడాది నుంచి ఆప్ట్-అవుట్ ఉండదు, ముందుగా కబురు చెయ్యడం కూడా ఉండదు అంది. అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు, నడపలేకపోతున్నాం, పిల్లలు స్కూలు మానేస్తున్నారు, కొందరు లేచి బయటికి పోతుంటే అలాంటి కుటుంబాల పిల్లలు చిన్నబుచ్చుకుంటారు అన్నవి వాళ్ళు చెప్పిన కారణాలు. ఈ చివరి కారణం ఉత్తిది కాదు, దాని గురించి తరవాత చెప్తాను.

ఆ మే నెలలో తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ముస్లింలు, కేథలిక్కులు, ఉక్రేనియన్ ఆర్థడాక్స్ వాళ్ళు కలిసి. పుస్తకాలు తీసేయమని వాళ్ళు కోర్టుని అడగలేదు. ముందుగా చెప్పండి, మా పిల్లల్ని ఆ కాసేపు వదిలేయండి అన్నారు, అంతే. కింది కోర్టులో ఓడిపోయారు. 2024లో అప్పీల్ కోర్టులో 2-1తో ఓడిపోయారు. 2025 జూన్ 27న సుప్రీంకోర్టులో 6-3తో గెలిచారు. మహమూద్ వర్సెస్ టేలర్ అని కేసు పేరు. మీ వాట్సాప్ గ్రూపులో అందరూ సగం సగం చెప్తున్నది దీని గురించే.

మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ అలిటో. పిల్లలకి మత విశ్వాసాలు నేర్పుకునే హక్కు తల్లిదండ్రులకి ఉంది, ఆ పెంపకానికే గండి పడేలా స్కూలు పాఠం ఉన్నప్పుడు, పబ్లిక్ స్కూలు కావాలంటే ఆ హక్కు వదులుకోండి అనడానికి లేదు అన్నది తీర్పు సారాంశం. ఆయన పుస్తకాలు చూసి ఊరుకోలేదు. పిల్లలు అడిగే ప్రశ్నలకి ఎలా జవాబు చెప్పాలో టీచర్లకి డిస్ట్రిక్ట్ కొన్ని సూచనలిచ్చింది. పిల్లలు ‘అమ్మాయంటే అబ్బాయినే ఇష్టపడాలి’ అన్న ధోరణిలో మాట్లాడితే ఆ ఆలోచనని కదిలించండి అన్నట్టు ఉంటాయవి. కథ వినిపించడం వేరు, ఆ కథ మీద పిల్ల అభిప్రాయాన్ని మార్చబూనడం వేరు. నా దృష్టిలో బోర్డు దొరికిపోయింది అక్కడే. పైగా ఈ పుస్తకాలు చిన్నపిల్లల వయసుకి తగినవేనా అని ఆ కౌంటీ ప్రిన్సిపాళ్ళే అంతకుముందు సందేహం రాసిచ్చారు. హెల్త్ క్లాసులో ఫ్యామిలీ లైఫ్ (సెక్స్ ఎడ్యుకేషన్) పాఠాలకి ఆప్ట్-అవుట్ అప్పటికే ఉంది. అక్కడ ఇచ్చేది ఇక్కడ ఎందుకివ్వలేరు అంటే బోర్డు దగ్గర గట్టి జవాబు లేకపోయింది.

విభేదించిన ముగ్గురి తరఫున జస్టిస్ సోటోమయోర్ రాశారు. ఆ పెళ్ళి కథ పుస్తకాన్ని పేజీ పేజీ తన తీర్పుకి జతచేశారు, మీరే చదువుకుని చూడండి అన్నట్టు. తమ విశ్వాసాలకి భిన్నమైన మనుషులూ ఆలోచనలూ ఉన్నాయని పిల్లలకి తెలియడమే హక్కుల భంగం అయితే, రేపు ఏ పాఠానికైనా ఎవరో ఒకరు అడ్డు చెప్తారు, స్కూళ్ళు భయపడి అసలు ఆ విషయాల జోలికే పోవు అన్నది ఆవిడ వాదన. ఆ భయం కూడా ఉత్తిది కాదు. మా స్కూల్లో ఒక టీచర్ గొడవెందుకులే అని తన షెల్ఫులోంచి నాలుగు పుస్తకాలు తీసి కారు డిక్కీలో పెట్టుకోవడం నేను చూశాను. వాటిలో ఒకటి ఇద్దరు నాన్నలున్న పెంగ్విన్ పిల్ల గురించి.

ఈ తీర్పు గాల్లోంచి ఊడిపడలేదు. 1943లో వెస్ట్ వర్జీనియాలో యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ పిల్లలు జెండాకి వందనం చెయ్యం అంటే, బలవంతం చెయ్యడానికి లేదంది సుప్రీంకోర్టు. 1972లో విస్కాన్సిన్‌లో ఆమిష్ (పాతకాలపు పద్ధతిలో బతికే క్రైస్తవ శాఖ) తండ్రులు ఎనిమిదో క్లాసు తరవాత పిల్లల్ని బడికి పంపనందుకు తలా ఐదు డాలర్ల జరిమానా పడింది. ఆ ఐదు డాలర్ల కేసు కూడా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి తల్లిదండ్రులే గెలిచారు. అలిటో ఎక్కువగా ఆనుకున్నది దానిమీదే.

ఇక మీ మంగళవారం సంగతి. కథ క్లాసు పాఠంలో భాగంగా చదువుతున్నారు, పైగా ముందే ఈమెయిల్ పంపారు. అంటే మీ స్కూలు తీర్పుని చదివినట్టే ఉంది. ఆ కాసేపు పాపని వేరే చోట కూర్చోబెట్టమని అడిగితే కాదనడం వాళ్ళకి కష్టం. ఒక మెలిక మాత్రం ఉంది. తీర్పు నిలబడింది మత స్వేచ్ఛ మీద. ‘మాకు ఇబ్బందిగా ఉంది’ అన్నది అందులోకి వస్తుందో రాదో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. శాస్త్రం చూపించమని, పూజారి సంతకం తెమ్మని మిమ్మల్ని ఎవరూ అడగరు, నిజంగా నమ్ముతున్నారా అన్నదే లెక్క. కానీ నమ్మకం ఉంటేనే నమ్మకం అని రాయండి. హిందువులందరి తరఫునా ‘మా మతం ఒప్పుకోదు’ అని రాసేస్తారు కొందరు. అర్ధనారీశ్వరుడికి దండం పెట్టుకునే ఇంట్లోంచి, బృహన్నల కథ చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చే ఇంట్లోంచి ఆ మాట వస్తే నాకు కాస్త నవ్వొస్తుంది. ‘ఈ విషయాలు మా పాపకి ఇంట్లో, మా పద్ధతిలో, మేమే చెప్పాలన్నది మా విశ్వాసం’ అని రాస్తే అది నిజం, మర్యాదగానూ ఉంటుంది.

సోమవారం బట్టల రోజుకి వద్దాం. దీనికి కోర్టూ చట్టమూ అక్కర్లేదు. రంగుల బట్టలు వేసుకురాకపోతే ఎవరూ ఏమీ అనరు, అనకూడదు. పైజమా డే రోజు పైజమా వేసుకురాని పిల్లలు ప్రతి క్లాసులో నలుగురుంటారు. వేసుకురమ్మని బలవంతం చేస్తే మాత్రం ఆ 1943 జెండా కేసు మీకు అండగా ఉంటుంది. గోడమీద పోస్టరు, ఆఫీసు ముందు రంగుల జెండా, ఉదయం అనౌన్స్‌మెంట్‌లో ఒక వాక్యం, ఇలాంటివాటిని మహమూద్ తీర్పు తేల్చలేదు. అది చూసింది క్లాసులో కూర్చోబెట్టి చెప్పే పాఠాన్ని. దారిలో కనబడేవన్నీ తీసేయమని అడిగితే, ఆ తీర్పు చేతిలో పట్టుకుని అడిగినా, మీ వాదన బలహీనమే.

మూడోది, పక్కన కూర్చునే పిల్ల. దీన్నుంచి ఆప్ట్-అవుట్ లేదు. ఉండకూడదు కూడా అన్నది నా ఉద్దేశం. ఫ్లోరిడాలో 2022లో గవర్నర్ డిశాంటిస్ సంతకం పెట్టిన చట్టం ఈ విషయంలో బాగా కఠినమైనదని పేరు. మూడో క్లాసు వరకు ఈ విషయాలు పాఠంగా చెప్పకూడదంది, మరుసటి ఏడాది దాన్ని ఎనిమిదో క్లాసు దాకా పొడిగించారు. దానిమీద కేసు నడిచి 2024 మార్చిలో రాజీ కుదిరినప్పుడు, పిల్లలు తమ కుటుంబం గురించి మాట్లాడుకోవడం, బొమ్మ గీసుకోవడం ఆ చట్టం కిందికి రాదని స్పష్టంగా రాసుకున్నారు. ఫ్లోరిడా కూడా ఆపలేనిదాన్ని మీ స్కూలు ఆపాలంటే ఎలా?

మా క్లాసులో ఒక పాప ఉండేది. మదర్స్ డేకి అందరికీ ఒక్కో గులాబీరంగు అట్ట ఇచ్చి కార్డు చేయమన్నాం. ఆ పాప చెయ్యెత్తి, నాకు రెండు కావాలి, అంది. ఎందుకని ఒక పిల్లాడు అడిగాడు. నాకు ఇద్దరు అమ్మలు, అంది. వాడు ఒక్క క్షణం ఆలోచించి, అయితే నీకు రెట్టింపు పని, అని తన జిగురు డబ్బా అటు జరిపాడు. టీచర్ రెండో అట్ట ఇచ్చింది. అక్కడితో ఆ చర్చ అయిపోయింది. ఆ పిల్లాడి వాళ్ళ నాన్న ఆప్ట్-అవుట్ ఫారం ఇచ్చినాయనే.

ఆప్ట్-అవుట్ లోపలి నుంచి ఎలా ఉంటుందో కూడా తెలుసుకోండి. మా క్లాసులో అలాంటి కథ ఒకటి చదివిన రోజు ఆ పిల్లాణ్ణి నాకు అప్పగించారు. కారిడార్‌లో చిన్న టేబుల్, రెండు కుర్చీలు, లెక్కల వర్క్‌షీటు. తలుపుకున్న గాజుపలకలోంచి లోపలి కార్పెట్ కనబడుతుంది. పెన్సిల్ పక్కన పెట్టి వాడు అడిగిన మొదటి మాట, ‘నేనేం తప్పు చేశాను?’ అని. ఎందుకంటే వాడికి తెలిసి క్లాసులోంచి బయట కూర్చోబెట్టేది అల్లరి చేసినవాళ్ళనే. ఇంట్లో వాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఫారం మీద సంతకం పెట్టి బ్యాగులో పెట్టారు, అంతే. లోపల కథ పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. వాడు లోపలికి వెళ్ళగానే పక్కవాణ్ణి ఏం కథ అని అడిగాడు, వాడు మొత్తం చెప్పేశాడు, కొంచెం కలిపి కూడా చెప్పాడు.

దీనికి విరుగుడు అదే క్లాసులో చూశాను. ఒక యెహోవా సాక్షుల కుటుంబం అబ్బాయి ఉండేవాడు, పుట్టినరోజులు చేసుకోరు వాళ్ళు. ఎవరిదైనా బర్త్‌డే అయి కప్‌కేకులు రాగానే తనే లేచి నా దగ్గరికొచ్చేవాడు. మా ఇంట్లో ఇది చెయ్యం, వాళ్ళింట్లో చేస్తారు, పర్లేదు, అని ఎవరడిగినా చెప్పేవాడు. ఆరేళ్ళ పిల్లాడు! వాళ్ళమ్మ ఎన్నిసార్లు కూర్చోబెట్టి చెప్పి ఉంటుందో మరి. వాడికి అవమానమూ లేదు, కప్‌కేకు తినేవాళ్ళంటే కోపమూ లేదు. కాబట్టి మీరు పాపని బయట కూర్చోబెట్టదలిస్తే సోమవారం రాత్రి అన్నం తినేటప్పుడే చెప్పండి. ఎందుకో చెప్పండి, తన ఫ్రెండు గురించి ఇందులో చెడ్డమాట ఏమీ లేదని కూడా చెప్పండి. ఆ రెండో ముక్క చెప్పకపోతే తను ఆ ఫ్రెండు దగ్గరికే వెళ్ళి, నీ గురించి కథ వినొద్దన్నారు మా నాన్న, అంటుంది. బోర్డు చెప్పిన చివరి కారణం ఉత్తిది కాదన్నది ఇందుకే.

స్టేటుని బట్టి కొంచెం తేడాలున్నాయి, గబగబా చెప్పేస్తాను. న్యూజెర్సీలో హెల్త్, ఫ్యామిలీ లైఫ్ పాఠాలు మనస్సాక్షికి విరుద్ధమని సంతకంతో రాసిస్తే పిల్లల్ని వదిలేయాలన్న నియమం ఎప్పట్నుంచో ఉంది. చరిత్ర పాఠాల్లో ఎల్‌జీబీటీ వాళ్ళ పాత్ర చెప్పాలన్న 2019 చట్టం మిడిల్, హై స్కూళ్ళకే, మీ పాపకి దాంతో ఇప్పుడు పనిలేదు. కాలిఫోర్నియాలో సెక్స్ ఎడ్యుకేషన్‌కి ఆప్ట్-అవుట్ ఉంది గానీ, కుటుంబాల గురించో జెండర్ గురించో మామూలు పాఠంలో వచ్చే మాటలకి ఉండేది కాదు. మహమూద్ తీర్పు తరవాత మత కారణం చెప్పేవాళ్ళకి ఆ గీత జరిగింది. టెక్సస్ పూర్తిగా ఇంకోవైపు వెళ్ళింది, 2025లో తెచ్చిన చట్టంతో స్కూళ్ళలో ఎల్‌జీబీటీ విద్యార్థి క్లబ్బులే వద్దంది. దానిమీద కోర్టు కేసు పడింది.

క్లబ్బుల మాట వచ్చింది కాబట్టి ఒక తమాషా చెప్పాలి. 1984లో ఈక్వల్ యాక్సెస్ యాక్ట్ అని ఫెడరల్ చట్టం వచ్చింది. హైస్కూల్లో చదువుతో సంబంధం లేని ఒక్క విద్యార్థి క్లబ్బుకి చోటిచ్చినా మిగతావాటికీ ఇవ్వాలంటుంది. అది తేవడానికి గట్టిగా పట్టుబట్టింది క్రైస్తవ సంఘాలు, స్కూల్లో బైబిల్ క్లబ్బులు పెట్టుకోవడానికి. తరవాత అదే చట్టం పట్టుకుని గే-స్ట్రెయిట్ క్లబ్బులు కోర్టుల్లో గెలిచాయి. మన హిందూ విద్యార్థుల క్లబ్బులకీ అదే ఆధారం. ఒక చేత్తో తలుపు మూయిస్తే ఇంకో చేత్తో తెరవడం కష్టమని నేను అనేది అందుకే.

దీపావళి సంగతే చూడండి. న్యూయార్క్ సిటీ స్కూళ్ళకి 2024 నవంబర్ 1న మొదటిసారి దీపావళి సెలవొచ్చింది, మనవాళ్ళంతా స్టేటస్‌లు పెట్టుకున్నారు. మా స్కూల్లో నేనే అయిదేళ్ళు వరసగా దీపావళి కథ చదివాను, ప్రమిదలకి రంగులు వేయించాను. ఒక క్రైస్తవ కుటుంబం, వేరే దేవుళ్ళ పండగ మా పాపకి వద్దు అని నాకే ఉత్తరం రాసింది. చదివినప్పుడు గుండె చివుక్కుమంది, అబద్ధమెందుకు. కానీ వాళ్ళు కథ మాన్పించమనలేదు, ప్రమిదలు తీసేయమనలేదు. ఆ అరగంట పాపని లైబ్రరీకి పంపించాం. మర్నాడు ఆ తల్లి పికప్ లైన్లో కారు అద్దం దించి హ్యాపీ దివాలీ అంది. మీ ఉత్తరం అందుకునే టీచర్‌కి కూడా గుండె చివుక్కుమంటుంది, ఆవిడ సొంత కుటుంబం సంగతి మీకు తెలియకపోవచ్చు. ఆ తల్లి నాకు రాసిన తీరులో రాయండి చాలు.

ఇప్పుడు ఆ పిటిషన్. సంతకం పెట్టేముందు అది ఏం కోరుతోందో చదివారా? ముందుగా చెప్పండి, ఆప్ట్-అవుట్ ఇవ్వండి అని ఉంటే అది మీ పాప గురించి. పుస్తకాలు తీసేయండి, ప్రైడ్ వారం రద్దు చేయండి అని ఉంటే అది అందరి పిల్లల గురించి, మీ పాప ఫ్రెండుతో సహా. మొదటిదానికి సుప్రీంకోర్టు తీర్పు తోడుంది. రెండోదానికి అది తోడు రాదు, అది బోర్డు ఎన్నికల్లో తేల్చుకోవాల్సిన రాజకీయం. చేయొద్దనను, అది కూడా పౌరుల పనే. కాకపోతే చేస్తున్నది ఏదో తెలిసి చేయండి. 2023 జూన్‌లో కాలిఫోర్నియాలోని గ్లెండేల్‌లో ప్రైడ్ నెల తీర్మానం మీద స్కూల్ బోర్డు మీటింగ్ జరుగుతుంటే బయట రెండు వర్గాలు కొట్టుకున్నాయి, పోలీసులు దిగాల్సొచ్చింది. లోపల ఎవరి పిల్లల గురించి మాట్లాడుకుంటున్నారో బయట ఎవరికీ గుర్తులేదు. మా డిస్ట్రిక్ట్‌లో ఒక మీటింగ్‌కి మనవాళ్ళు పదిమంది వెళ్ళారు. మనిషికి రెండు నిమిషాలు, ఎదురుగా ఎర్ర లైటు. ఒకాయన నిమిషంన్నర సనాతన ధర్మం గురించి చెప్పి అసలు కోరికకి వచ్చేసరికి మైకు ఆగిపోయింది. టీచర్‌కి నాలుగు వాక్యాల ఈమెయిల్ రాసినవాళ్ళకి మర్నాటికే పని అయింది.

వారమంతా ఇంట్లో ఉంచేయడం మాత్రం నేను ఒప్పుకోను. ఐదు ఆబ్సెంట్లు పడతాయి, ఏడాది చివరి పార్టీ ఏదైనా అందులోనే ఉంటే అదీ పోతుంది, పాపకి మిగిలేది ‘ఏదో భయంకరమైనది జరుగుతోంది, నాకు చెప్పట్లేదు’ అన్న ఊహే. పన్నెండు నిమిషాల కథకి ఐదు రోజుల దాగుడుమూతలు దేనికి?

మీ ఇంకో భయం, ‘స్కూలు మాకు తెలియకుండా పాపకి ఏదైనా ఎక్కిస్తుందేమో’ అన్నది. రికార్డుల సంగతైతే 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం మీ పాప ఫైలు చూసే హక్కు మీకుంది, రాతపూర్వకంగా అడిగిన 45 రోజుల్లోపు చూపించాలి. పాఠాల పుస్తకాలు ముందే చూస్తాం అంటే చాలా స్కూళ్ళు సంతోషంగా చూపిస్తాయి. ఆ కథ పుస్తకం లైబ్రరీలో తెచ్చి మీరిద్దరూ ముందు చదవండి. నాకు తెలిసిన ముగ్గురు పేరెంట్లు చదివాక ఫారం వెనక్కి తీసుకున్నారు, ఒకావిడ చదివాక ఇంకా గట్టిగా పట్టుబట్టింది. రెండూ సరైనవే, చదివి నిర్ణయించుకున్నారు కాబట్టి.

చెప్పాలా వద్దా అని ఆలోచించి ఇది రాస్తున్నాను. మా బంధువులబ్బాయి ఒకడు కాలేజీ రెండో ఏడు ఇంటికొచ్చి, తను గే అని అమ్మానాన్నలకి చెప్పాడు. వాళ్ళ అమ్మ ఏడ్చి ఏడ్చి, ఇన్నేళ్ళు మాకెందుకు చెప్పలేదురా అంది. వాడు ఏడో క్లాసులో ఉండగా ఆవిడ ఫోన్లో గేమ్ ఆడుకుంటుంటే ఫ్యామిలీ గ్రూపులో ఇలాంటివాళ్ళ మీద ఒక జోకు వచ్చిందట, కింద ఆవిడే నవ్వుతున్న బొమ్మలు మూడు పెట్టిందట. వాడు ఆ మూడు బొమ్మలూ గుర్తుపెట్టుకున్నాడు. ఆవిడకి ఆ మెసేజే గుర్తులేదు, చదవకుండానే నవ్వు బొమ్మ పెట్టి ఉంటాను అంటుంది ఇప్పటికీ. మీ గ్రూపులో పిటిషన్ కింద ఏమేం రాస్తున్నారో నాకు తెలియదు. మీ పాపకి ఇంగ్లిష్ చదవడం వచ్చు కదా, రెండో క్లాసంటే.

మీ ఇద్దరిలో ఎవరు కరెక్టో నేను తేల్చను. మీ ఆవిడ మాటలో న్యాయం ఉంది, మీ సంకోచం కూడా నేరమేం కాదు. ఒప్పందానికి వచ్చాక ఈమెయిల్ ఇలా ఉండొచ్చు: ముందే తెలియజేసినందుకు థ్యాంక్స్. మంగళవారం కథ సమయంలో మా పాపని లైబ్రరీలో గానీ వేరే క్లాసులో గానీ కూర్చోబెట్టగలరా? ఇది మా మత విశ్వాసాన్ని బట్టి అడుగుతున్నది. మిగతా వారమంతా తను వస్తుంది, తన స్నేహితులందరితో మామూలుగానే ఉంటుంది. దీని గురించి పాపతో మేం మాట్లాడాం, క్లాసులో ప్రత్యేకంగా ప్రస్తావించక్కర్లేదు. అంతే. తీర్పు పేరు, లాయర్ పేరు వద్దు, అవి టీచర్ కాదంటే అప్పుడు ప్రిన్సిపాల్‌కి రాసేటప్పుడు పనికొస్తాయి.

టీచర్‌కే పంపండి, ప్రిన్సిపాల్‌కి కాపీ పెట్టకండి, ఫిర్యాదులా కనబడుతుంది. జూన్ మొదటి వారమంటే రిపోర్టు కార్డుల హడావిడి, శుక్రవారం మూడు దాటాక పంపితే సోమవారం దాకా ఎవరూ తెరవరు. మీ కథ మంగళవారం పొద్దున్నే కదా. గురువారంలోపు పంపేయండి.